వార్త ఒకటే, వినే చెవులు వేరు: మీడియా, రాజకీయాల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

మీడియా గురించి మాట మొదలైతే రెండే వాదనలు వినిపిస్తాయి. "అంతా వాళ్ళే ఆడిస్తున్నారు" అని ఒకరంటే, "జనం తెలివైనవాళ్ళు, ఎవరి మాటా వినరు" అని ఇంకొకరు. ఇన్నేళ్ళ పరిశోధన ఈ రెండింటినీ ఒప్పుకోదు. ఎక్కువమంది అడిగే ప్రశ్నలను తీసుకుని, గట్టి ఆధారం ఉందనిపించిన జవాబులు ఇక్కడ పెడుతున్నాను.

టీవీలోనో పేపర్లోనో వస్తే జనం నమ్మేస్తారా?

నమ్మేయరు. మొదటి ప్రపంచ యుద్ధకాలపు ప్రచారం చూసి పుట్టిన భయం ఇది. హిట్లర్ రేడియో ప్రసంగాలతో మరింత ముదిరింది. మాట చెవిన పడగానే సూదిమందులా ఒంట్లోకి ఎక్కేస్తుందని చాలామంది అనుకున్నారు. 1940లో అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో రూజ్‌వెల్ట్, విల్కీ తలపడుతున్నప్పుడు పాల్ లాజర్స్‌ఫెల్డ్ బృందం ఒహాయో రాష్ట్రంలోని ఈరీ కౌంటీలో మకాం వేసింది. అవే 600 మంది ఓటర్లను మే నుంచి నవంబర్ దాకా మళ్ళీ మళ్ళీ కలిసింది. చూస్తే, ప్రచారం మొదలయ్యే సరికే చాలామంది ఎటు వేయాలో తేల్చుకుని ఉన్నారు. పార్టీ మారినవాళ్ళు బహు తక్కువ. మారినవాళ్ళను కదిలించినది కూడా ఎక్కువగా రేడియో కాదు, తెలిసిన మనిషి. పేపర్ బాగా చదివి, నలుగురికీ విడమరిచి చెప్పే మనిషి ఎక్కడైనా ఒకరుంటారు. వార్త ముందు ఆ మనిషికి చేరి, అక్కడి నుంచి మిగతావాళ్ళకు చేరుతుంది. దీన్నే రెండంచెల ప్రవాహం అన్నారు.

మరి 1938లో రేడియో నాటకం విని అమెరికా మొత్తం వీధుల్లోకి పరుగెత్తిందంటారే?

ఆ కథ చెప్పిందెవరో చూస్తే విషయం అర్థమవుతుంది. 1938 అక్టోబర్ 30 రాత్రి ఆర్సన్ వెల్స్ బృందం సీబీఎస్ రేడియోలో, అంగారకుల దాడిని వార్తా బులెటిన్ల తరహాలో నాటకంగా వినిపించింది. కొందరు నిజంగానే హడలిపోయారు. పోలీసులకూ పత్రికలకూ ఫోన్లు వెళ్ళాయి. ఆ మాట కాదనలేం. కానీ ఆ రాత్రి ఫోన్ చేసి అడిగిన రేటింగ్ సర్వేలో ఆ నాటకం వింటున్నామన్నవాళ్ళు దాదాపు 2 శాతమే. అదే సమయానికి పోటీ నెట్‌వర్క్‌లో జనం బాగా వినే హాస్య కార్యక్రమం నడుస్తోంది. "దేశం బెంబేలెత్తింది" అని మర్నాడు పతాక శీర్షికలు పెట్టింది పత్రికలు. ఆర్థిక మాంద్యంలో వాటి ప్రకటనల ఆదాయాన్ని లాక్కుపోతున్నది రేడియో. ప్రత్యర్థిని బాధ్యత తెలియనివాడిగా చూపించే అవకాశం ఇంతకంటే బాగా ఎప్పుడొస్తుంది?

మీడియా జనాన్ని వెర్రెత్తించిందన్న కథకు ఇప్పటికీ పెద్ద ఉదాహరణ ఇదే. ఆ కథను కొండంత చేసిందీ మీడియానే.

అభిప్రాయాలను మార్చలేకపోతే ఇక మీడియా బలమేమిటి?

దేని గురించి మాట్లాడుకోవాలో నిర్ణయించడం. 1968 ఎన్నికల వేళ మాక్స్‌వెల్ మెకూంబ్స్, డోనాల్డ్ షా నార్త్ కరోలినాలోని చాపెల్ హిల్‌లో, ఇంకా ఎటూ తేల్చుకోని 100 మంది ఓటర్లను "దేశం ముందున్న పెద్ద సమస్యలేమిటి?" అని అడిగారు. వాళ్ళు చూసే, చదివే వార్తల్లో ఏ సమస్యకు ఎంత చోటు దక్కిందో ఇంకోపక్క లెక్కగట్టారు. రెండు జాబితాలూ దాదాపు ఒకే వరసలో వచ్చాయి. ఎజెండా నిర్ణయం అన్న సిద్ధాంతం 1972లో అచ్చయిన ఆ అధ్యయనంతోనే మొదలు.

వార్తలు చూసి జనం అలా అనుకున్నారా, జనం అనుకునేదాన్నే వార్తలు రాశాయా అన్న సందేహం రావాలి. దాన్ని తీర్చింది శాంతో అయ్యంగార్, డోనాల్డ్ కిండర్ల ప్రయోగం. మామూలు వార్తా బులెటిన్లను తీసుకుని, కొన్ని అంశాలు కలిపి, కొన్ని తీసేసి, వారం పాటు జనానికి చూపించారు. రక్షణ రంగం వార్తలు ఎక్కువగా చూసినవాళ్ళకు రక్షణ ముఖ్యమైన సమస్యగా కనిపించసాగింది. ఇంతవరకు ఊహించిందే. అసలు సంగతి ఆ తర్వాతిది: అప్పటి అధ్యక్షుడు కార్టర్ ఎలా పనిచేస్తున్నారని అడిగితే, వాళ్ళు ఆయన్ను రక్షణ విషయంలో ఏం చేశారన్నదాన్ని బట్టి తూచడం మొదలుపెట్టారు. కార్టర్ మంచివాడనో చెడ్డవాడనో ఎవరూ చెప్పలేదు. ఏ తక్కెడలో తూచాలో మాత్రం చేతికిచ్చారు.

నాయకులకు ఈ విద్య బాగా తెలుసు. తమకు అనుకూలం కాని అంశంపై జవాబు చెప్పే కంటే, కొత్త అంశాన్ని ముందుకు తోయడం తేలిక.

ఆ ఎజెండా ఎవరిది? ఎడిటర్‌దా, యజమానిదా, పాలకులదా?

అందరి చేతులూ ఉంటాయి, సమానంగా కాదు. వార్త మన దాకా రాకముందు దాటాల్సిన ఐదు వడపోతలను ఎడ్వర్డ్ హెర్మన్, నోమ్ చామ్‌స్కీ 1988లో చెప్పారు: యాజమాన్యం, ప్రకటనలు, అధికారిక వర్గాల మీద ఆధారపడటం, ఎదురుదాడుల భయం, కమ్యూనిజం పట్ల వ్యతిరేకత. చివరిది ఆ కాలానికి సంబంధించింది. మొదటి నాలుగూ ఇప్పటికీ చెల్లుతాయి. యజమానే రాజకీయ నాయకుడైతే ఏమవుతుందో చూడాలంటే ఇటలీ ఉంది. మూడు జాతీయ ప్రైవేటు ఛానెళ్ళ అధిపతి సిల్వియో బెర్లుస్కోనీ 1994లో ప్రధాని అయ్యారు. ఆ తర్వాత మరో రెండు దఫాలు పదవిలో ఉన్నారు. ప్రధానిగా ఉన్నప్పుడు ప్రభుత్వ ప్రసార సంస్థ మీద కూడా పలుకుబడి ఉంటుంది కాబట్టి, దేశంలో జనం చూసే టీవీలో అధిక భాగం ఆయన నీడలోనే నడిచింది.

కానీ నా ఉద్దేశంలో యజమాని ఫోన్ చేసి చెప్పే సందర్భాల కంటే, ఎవరూ చెప్పకుండానే జరిగిపోయేవి ఎక్కువ. రిపోర్టర్‌కు సాయంత్రంలోగా వార్త ఇవ్వాలి. అధికారి ప్రెస్‌మీట్ పెట్టి, ప్రెస్‌నోట్ చేతిలో పెడతాడు. బాధితుడిని వెతుక్కుంటూ వెళ్ళాలి, మాట రాబట్టాలి, నిజమో కాదో సరిచూసుకోవాలి. ఏ వార్త ముందు తయారవుతుందో వేరే చెప్పనక్కరలేదు. ఇందులో కుట్ర లేదు, డెడ్‌లైన్ ఉంది.

చూపించని వార్త వల్ల నిజంగా నష్టం జరుగుతుందా? ఎవరైనా కొలిచారా?

కొలిచారు. నాకు బాగా నచ్చిన అధ్యయనాల్లో ఇదొకటి. థామస్ ఐసెన్సీ, డేవిడ్ స్ట్రోమ్‌బర్గ్ 1968 నుంచి 2002 వరకు ప్రపంచంలో జరిగిన సుమారు 5,000 ప్రకృతి విపత్తులను, వాటికి అమెరికా ప్రభుత్వం పంపిన సాయాన్ని పక్కపక్కన పెట్టి చూశారు. ఒలింపిక్స్ జరుగుతున్న రోజుల్లో విపత్తు వస్తే, అమెరికా టీవీ వార్తల్లో దానికి చోటు దొరికే అవకాశం తగ్గింది. చోటు దొరకనప్పుడు సాయం అందే అవకాశమూ తగ్గింది. భూకంపానికి ఆటల క్యాలెండర్ తెలియదు. అయినా సాయం రావడం, రాకపోవడం కొంతవరకు దాని మీదే ఆధారపడింది. అగ్నిపర్వతం పేలితే కెమెరాలు వాలిపోతాయి. కరువు మెల్లగా చంపుతుంది. దృశ్యం లేదు కాబట్టి అది తెరకెక్కాలంటే ఎన్నో రెట్లు ఎక్కువమంది పోవాలి.

దీనికి రెండో వైపూ ఉంది. స్వేచ్ఛగా రాసే పత్రికలున్న ప్రజాస్వామ్యంలో పెద్ద క్షామాలు రాలేదని అమర్త్య సేన్ ఎప్పటినుంచో చెబుతున్నారు. 1958-61 నాటి చైనా మహాక్షామంలో కోట్ల మంది చనిపోతుంటే పత్రికల్లో ఆ మాటే రాలేదు. టిమోతీ బెస్లీ, రాబిన్ బర్జెస్ భారత రాష్ట్రాల లెక్కలు తీసి 2002లో చూపింది కూడా ఇలాంటిదే: పత్రికలు ఎక్కువగా చదివే రాష్ట్రాల్లో, పంట దెబ్బతిన్నప్పుడు, వరదలొచ్చినప్పుడు ప్రభుత్వాలు చురుగ్గా స్పందించాయి. ఆ తేడా తెచ్చింది ఇంగ్లిష్ పత్రికలు కావు, ప్రాంతీయ భాషల పత్రికలు.

రెండు పత్రికలూ అబద్ధం రాయలేదు, అయినా రెండు వేరు కథలు. ఎలా?

ఒక్క ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 1975 జూన్ మొదట్లో రొడీషియా (ఇప్పటి జింబాబ్వే) రాజధాని సాలిస్‌బరీలో పోలీసులు నల్లజాతి జనంపై కాల్పులు జరిపారు. మర్నాడు బ్రిటన్‌లో గార్డియన్ శీర్షిక పోలీసులతో మొదలైంది: పోలీసులు 11 మందిని కాల్చి చంపారు. టైమ్స్ శీర్షికలో ముందు కనిపించింది "అల్లర్లకు దిగిన నల్లవాళ్ళు", వాళ్ళు పోలీసుల చేతిలో చనిపోయారన్నది తర్వాత. ఆ మరుసటి రోజు టైమ్స్ సంపాదకీయానికి వచ్చేసరికి పోలీసులే లేరు, "అల్లర్లు, విషాదకరమైన ప్రాణనష్టం" మిగిలాయి. భాషా పరిశోధకుడు టోనీ ట్రూ ఈ శీర్షికలను వరసగా పేర్చి, చంపినవాడు వాక్యంలో నుంచి ఎలా జారిపోయాడో చూపించారు. మన శీర్షికల్లోనైతే "కాల్పుల్లో ఇద్దరు మృతి" అంటే చాలు, కాల్చిందెవరో చెప్పకుండానే పని అయిపోతుంది.

అంకెలతోనూ ఇదే జరుగుతుంది. డేనియల్ కానెమన్, ఆమోస్ ట్వెర్‌స్కీ 1981లో ఒక ఊహాజనిత సమస్య ఇచ్చారు. ఒక వ్యాధితో 600 మందికి ప్రాణాపాయం ఉంది. ఒక పథకంతో 200 మంది ఖాయంగా బతుకుతారు. ఇంకో పథకంతో అందరూ బతికే అవకాశం మూడింట ఒక వంతు, ఒక్కరూ బతకని అవకాశం మూడింట రెండు వంతులు. 72 శాతం మంది ఖాయమైన పథకాన్నే ఎంచుకున్నారు. మరో బృందానికి అదే పథకాన్ని "400 మంది చనిపోతారు" అని చెప్పారు. ఎంచుకున్నవాళ్ళు 22 శాతానికి పడిపోయారు. లెక్క మారలేదు, చెప్పే తీరు మారింది.

రాజకీయానికి ఎక్కువ పనికొచ్చేది మాత్రం అయ్యంగార్ 1991లో చెప్పిన తేడా. పేదరికం గురించి ఒక మనిషి కథగా చూపిస్తే, ప్రేక్షకులు ఆ మనిషి తప్పులు వెతికారు. దేశం మొత్తానికి సంబంధించిన విషయంగా, లెక్కలతో, విధానాలతో చూపిస్తే ప్రభుత్వాన్ని, సమాజాన్ని ప్రశ్నించారు. కన్నీళ్ళు పెట్టించే కథనం పాలకులకు ఇబ్బంది తెస్తుందనుకుంటాం. చాలాసార్లు జరిగేది దానికి రివర్స్.

టీవీ చర్చల్లో ఆ అరుపులెందుకు?

చవక కాబట్టి. రిపోర్టర్‌ను పంపాలంటే ఖర్చు, నలుగురిని కూర్చోబెట్టి కొట్టుకోమంటే ఖర్చు లేదు. జనం చూస్తారు కూడా. డయానా మట్జ్ ప్రయోగాల్లో, అవే వాదనలను నటుల చేత ఒకసారి మర్యాదగా, ఒకసారి అమర్యాదగా చెప్పించి చూపించారు. అమర్యాద ఉన్న చర్చే ఎక్కువ ఆసక్తి రేపింది. దాన్ని చూసినవాళ్ళకే రాజకీయ వ్యవస్థ మీద నమ్మకం తగ్గింది. రేటింగ్ ఛానెల్‌కు దక్కింది, నమ్మకం పోయింది మాత్రం అందరికీ.

ఎన్నికల వార్తలన్నీ "ఎవరు గెలుస్తారు" చుట్టూనే తిరగడం వల్ల నష్టమా?

కొంత నష్టమే. ఎత్తులు, పైఎత్తులుగా రాసిన వార్తలు చదివినవాళ్ళు నాయకుల ప్రతి మాటనూ ఎత్తుగడగానే చూడటం మొదలుపెడతారని జోసెఫ్ కపెల్లా, క్యాథలీన్ హాల్ జేమీసన్ 1997లో చూపించారు. అనుమానం మంచిదే. ఏ నాయకుడు ఏమన్నా ఒకటేలే అనిపించేంత అనుమానం వల్ల లాభపడేది అసలు అబద్ధాలకోరే.

ప్రేక్షకులు సొంతంగా అర్థం చేసుకుంటారంటారు. అదెంతవరకు నిజం?

ఈ ప్రశ్నకు గట్టి పునాది వేసింది జమైకాలో పుట్టి బ్రిటన్‌లో స్థిరపడిన స్టూవర్ట్ హాల్. 1973లో ఆయన రాసిన పత్రం ప్రకారం ఒక కార్యక్రమంలో ఒక అర్థాన్ని పొదిగి పంపిస్తారు, కానీ అందుకునేవాడు దాన్ని మూడు రకాలుగా విప్పుకోవచ్చు. చెప్పింది చెప్పినట్టు ఒప్పుకోవచ్చు. మొత్తానికి ఒప్పుకుని, తన విషయానికి వచ్చేసరికి మినహాయింపు పెట్టుకోవచ్చు. లేదా "వీళ్ళు ఇలా ఎందుకంటున్నారో నాకు తెలుసు" అని తలకిందులుగా చదవొచ్చు. రెండోదానికి హాల్ ఇచ్చిన ఉదాహరణ ఒక కార్మికుడు: ధరలు అదుపులో ఉండాలంటే జీతాలు పెంచకూడదు, అది దేశహితం అని టీవీలో చెబితే నిజమే అంటాడు. మర్నాడు తన జీతం కోసం సమ్మెలోకి దిగుతాడు. ఆ మనిషి అమాయకుడూ కాదు, మోసగాడూ కాదు. మనలో ఎక్కువమంది చదివే పద్ధతి అదే.

హాల్ చెప్పింది సిద్ధాంతం. డేవిడ్ మోర్లీ జనం దగ్గరికి వెళ్ళి పరీక్షించారు. బీబీసీలో సాయంత్రాలు వచ్చే నేషన్‌వైడ్ అన్న కార్యక్రమం రెండు భాగాలను 29 బృందాలకు చూపించి, వాళ్ళ మాటలు రికార్డు చేసి, 1980లో ఫలితాలు ప్రచురించారు. వర్గాన్ని బట్టి ఎవరేమంటారో తెలిసిపోతుందనుకుంటే పొరపాటే. బ్యాంకు మేనేజర్లకు కార్యక్రమంలోని రాజకీయం అసలు కనిపించనే లేదు. అది వాళ్ళకు మామూలు లోకజ్ఞానం, చెప్పిన తీరు మీదే విసుక్కున్నారు. యూనియన్ నాయకులు ఒక్కో వాక్యాన్నీ పట్టుకుని ఖండించారు. వాళ్ళలాగే కార్మికవర్గం నుంచి వచ్చిన కుర్ర అప్రెంటిస్‌లు మాత్రం చాలావరకు కార్యక్రమంతోనే ఏకీభవించారు. ఇక నల్లజాతి విద్యార్థుల బృందం ఒప్పుకోనూ లేదు, ఎదిరించనూ లేదు: ఇది మా గురించి కాదు, మాకు సంబంధం లేదు అన్నట్టు ఊరుకుంది.

ఆ నాలుగో స్పందనను నేను తరచూ తలుచుకుంటాను. ప్రేక్షకుడు నమ్మాడా, లేదా అని కొట్టుకుంటాం. అసలు తనను ఉద్దేశించి మాట్లాడుతున్నారనే అనుకోని ప్రేక్షకుడు లెక్కలోకి రాడు.

ఒకే ఛానెల్‌ను ఇరుపక్షాలూ "మాకు వ్యతిరేకం" అంటాయి. ఛానెల్ సరిగ్గా ఉన్నట్టేనా?

ఎడిటర్లకు ఇష్టమైన వాదన ఇది: ఇద్దరూ తిడుతున్నారు కాబట్టి మధ్యలో ఉన్నాం అని. రుజువు కాదు. 1982లో లెబనాన్ రాజధాని బీరూట్‌లో పాలస్తీనా శరణార్థులుండే సబ్రా, షతీలా శిబిరాల్లో జరిగిన ఊచకోతపై అమెరికా ఛానెళ్ళు ప్రసారం చేసిన వార్తలను స్టాన్‌ఫర్డ్‌లో ఇజ్రాయెల్ అనుకూల, అరబ్ అనుకూల విద్యార్థులకు చూపించారు. అవే క్లిప్పులు చూసి ఇజ్రాయెల్ వైపువాళ్ళు వార్తలు ఇజ్రాయెల్‌కు వ్యతిరేకమన్నారు, అరబ్బుల వైపువాళ్ళు ఇజ్రాయెల్‌కు అనుకూలమన్నారు. తటస్థంగా ఉన్నవాళ్ళు ఇది చూస్తే మాకు ఎదురు తిరుగుతారని రెండు పక్షాలూ భయపడ్డాయి. 1985లో అచ్చయిన ఈ అధ్యయనం తేల్చిందేమంటే, పక్షపాతం వార్తలో లేకపోయినా చూసేవాడి కంటికి కనిపించగలదు. అంటే మన కోపం ఛానెల్ గురించి మనకేమీ చెప్పదు. చాలా బాధాకరమైన సంగతి, కానీ అంతే.

"నా మీద పనిచేయదు, మిగతావాళ్ళే మోసపోతారు." ఇందులో తప్పేముంది?

అందరూ అదే అంటారు, అదీ తప్పు. ఫిలిప్స్ డేవిసన్ 1983లో దీనికి మూడో మనిషి ప్రభావం అని పేరు పెట్టారు. ఆయన ఆలోచనకు బీజం రెండో ప్రపంచ యుద్ధంలోని ఒక ఘటన. ఇవోజిమా దీవిలో నల్లజాతి సైనికులు, తెల్లజాతి అధికారులు ఉన్న ఒక అమెరికన్ దళం మీద జపాన్ కరపత్రాలు జారవిడిచింది: ఇది తెల్లవాళ్ళ యుద్ధం, వాళ్ళ కోసం మీరెందుకు చస్తారు అని. ఆ సైనికులు చలించిన దాఖలా లేదు. మర్నాడు ఆ దళాన్ని అక్కడి నుంచి తప్పించారు. కరపత్రం ఎవరి కోసం రాశారో వాళ్ళ మీద పనిచేయలేదు. వాళ్ళ మీద పనిచేస్తుందేమోనన్న భయం అధికారుల మీద పనిచేసింది.

మీడియాకు రాజకీయాల్లో ఉన్న బలంలో సగం ఇక్కడే ఉందని నా అభిప్రాయం. వార్త చూసి ఓటరు మారాడో లేదో ఎవరికీ తెలియదు. మారతాడేమోనని నాయకుడు మాత్రం రాత్రికి రాత్రే ప్రకటన ఇస్తాడు, అధికారిని బదిలీ చేస్తాడు, పథకం వెనక్కి తీసుకుంటాడు.

నోరు మెదపని వాళ్ళ సంగతేమిటి?

పశ్చిమ జర్మనీలో సర్వేలు చేసిన ఎలిజబెత్ నోయెల్-నోయ్‌మన్ 1965 ఎన్నికల్లో ఒక వింత గమనించారు. నెలల తరబడి రెండు ప్రధాన పక్షాలకూ మద్దతు సరిసమానంగా ఉంది. "ఎవరు గెలుస్తారనుకుంటున్నారు?" అన్న ప్రశ్నకు మాత్రం జవాబులు ఒకవైపే వాలుతూ పోయాయి. చివరికి ఓట్లూ అటే ఒరిగాయి. తమది ఓడే పక్షమనిపించినవాళ్ళు నోరు మూసుకుంటారు, దాంతో రెండో పక్షం ఇంకా పెద్దదిగా వినిపిస్తుంది అని ఆమె 1974లో వాదించారు. రైల్లో ఐదు గంటల ప్రయాణం, ఎదుటి సీట్లో మీతో ఏకీభవించని మనిషి, మాట్లాడతారా అని అడగడం ఆమె పద్ధతి. ప్రభావం ఆమె చెప్పినంత పెద్దది కాదని తర్వాతి పరిశోధనలు తేల్చాయి. కానీ లేకపోలేదు.

నలుగురితో నారాయణ అన్నది ఎంత బలమైనదో తెలియాలంటే రువాండా చూడాలి. 1994 జాతిహననంలో, టుట్సీలపై ద్వేషం రగిలించిన ఆర్‌టీఎల్ఎం రేడియో పాత్ర ప్రపంచమంతటికీ తెలుసు. దాని వ్యవస్థాపకులకు అంతర్జాతీయ ట్రిబ్యునల్ 2003లో శిక్ష వేసింది. జాతిహననం జరిగిన పదేళ్ళకు అదే దేశంలో ద్వేషానికి విరుగుడుగా ఒక రేడియో ధారావాహిక వచ్చింది. బెట్సీ పాలక్ ఏడాది పాటు కొన్ని సముదాయాలకు దాన్ని, మరికొన్నిటికి ఆరోగ్యంపై వచ్చే వేరే నాటకాన్ని వినిపించి పోల్చారు. ద్వేషానికి విరుగుడు నాటకం విన్నవాళ్ళ సొంత నమ్మకాలు పెద్దగా మారలేదు. చుట్టూ ఉన్నవాళ్ళు ఏది సబబనుకుంటారన్న అంచనా మారింది. ఏడాది చివర ప్రతి బృందానికీ ఒక క్యాసెట్ ప్లేయర్, క్యాసెట్లు ఇచ్చారు. ఆరోగ్య నాటకం విన్నవాళ్ళు చాలాచోట్ల వాటిని ఊరి పెద్ద చేతిలో పెట్టేసి వెళ్ళారు. రెండో నాటకం విన్నవాళ్ళు కూర్చుని వాదించుకుని, మనమే ఉమ్మడిగా చూసుకుందామన్నారు. మనసు మారకుండానే నడత మారింది.

సెన్సార్‌షిప్ ఉన్నచోట జనం వార్తలెలా చదువుతారు?

రాసినదాని కంటే రాయనిదాన్ని చదువుతారు. సోవియట్ యూనియన్‌లో ప్రావ్దా (సత్యం), ఇజ్వెస్తియా (వార్తలు) అన్న రెండు పెద్ద పత్రికల పేర్ల మీద ఒక జోకు ఉండేది: 'సత్యం'లో వార్తలుండవు, 'వార్తలు'లో సత్యముండదు. భారత్‌లో ఎమర్జెన్సీ విధించిన కొన్ని రోజులకే, 1975 జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటును ఖాళీగా వదిలేసింది. దాన్ని అర్థం చేసుకోవడానికి ఎవరికీ వ్యాఖ్యానం అవసరం రాలేదు.

అలాగని బయటి వార్త చెవిన పడితే చాలు, జనం తిరగబడతారనీ అనుకోవద్దు. తూర్పు జర్మనీలో చాలామందికి పశ్చిమ జర్మనీ టీవీ వచ్చేది, డ్రెస్డెన్ చుట్టుపక్కల మాత్రం సిగ్నల్ అందేది కాదు. అప్పటి సర్వేలను హోల్గర్ కెర్న్, యెన్స్ హైన్‌ముల్లర్ తిరగేస్తే, పశ్చిమ టీవీ చూసినవాళ్ళే తమ ప్రభుత్వం పట్ల కాస్త ఎక్కువ సంతృప్తిగా ఉన్నారని తేలింది. వాళ్ళు చూసింది రాజకీయ చర్చలు కావు, సీరియళ్ళు, వినోదం. బతుకు కాస్త తేలికైంది, కోపం కాస్త చల్లారింది.

వాట్సాప్ ఫార్వర్డ్‌లు, అల్గారిథమ్‌లు వచ్చాక పాత లెక్కలన్నీ మారిపోలేదా?

కొన్ని మారాయి. ట్విటర్‌లో 2006 నుంచి 2017 వరకు తిరిగిన సుమారు 1,26,000 కథనాలను పరిశీలిస్తే, అబద్ధం నిజం కంటే వేగంగా, లోతుగా పాకింది. మళ్ళీ పంచుకునే అవకాశం 70 శాతం ఎక్కువ. బాట్‌లను, అంటే మనిషి లేకుండా ప్రోగ్రామ్ నడిపే ఖాతాలను, తీసేసి చూసినా అదే ఫలితం, పంచింది మనుషులే. కొత్తగా, ఆశ్చర్యంగా ఉండేది అబద్ధమే కదా.

ఎవరికి ఏ పోస్టు చూపాలో తేల్చే అల్గారిథమ్ మనల్ని, మనకు నచ్చిన మాటలే వినిపించే ఒక బుడగలో బంధించిందన్న మాటకు మాత్రం అంత బలం లేదు. 2020 అమెరికా ఎన్నికల సమయంలో ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వాడేవాళ్ళలో కొందరికి మూడు నెలల పాటు అల్గారిథమ్ తీసేసి, పోస్టులను తేదీ వరసలో చూపించారు. వాళ్ళు అక్కడ గడిపే సమయం తగ్గింది, రాజకీయ వైఖరి మాత్రం చెప్పుకోదగ్గంత మారలేదు. ఈరీ కౌంటీ గుర్తుందా? తెలిసిన మనిషి మాట అక్కడ ఎంత పనిచేసిందో, ఫ్యామిలీ గ్రూప్‌లో మామయ్య పంపిన ఫార్వర్డ్ ఇక్కడ అంతే పనిచేస్తుంది. మాట కంటే ముందు మనిషిని చూసి నమ్ముతాం.

అబద్ధమని నిరూపిస్తే జనం ఇంకా మొండికేస్తారట, నిజమేనా?

2010లో వచ్చిన ఒక అధ్యయనం అలా సూచించింది, ఆ మాట ఊరంతా పాకింది. తర్వాత థామస్ వుడ్, ఈథన్ పోర్టర్ 10,000 మందికి పైగా జనంతో, 52 అంశాల మీద పరీక్షిస్తే ఆ మొండితనం దాదాపు ఎక్కడా కనిపించలేదు. సరిదిద్దితే జనం సరిదిద్దుకుంటారు. ఓటు మాత్రం అలాగే ఉంటుంది. మా నాయకుడు ఆ విషయంలో తప్పు చెప్పాడు, అయినా మా నాయకుడే అంటారు.

ఒక జాగ్రత్త ఉంది. పదేపదే విన్న మాట నిజమనిపిస్తుందని 1977లోనే తేలింది. అందుకే ఖండించేటప్పుడు అబద్ధాన్ని శీర్షికలో పెట్టి, నిజాన్ని నాలుగో పేరాలో దాచడం అబద్ధానికి ఉచిత ప్రచారం.

ప్రభావం ఇంత చిన్నదైతే పట్టించుకోవడం దేనికి?

ఎన్నికలు చిన్న తేడాలతోనే తేలతాయి కాబట్టి. అమెరికాలో రిపబ్లికన్ పార్టీ వైపు మొగ్గే ఫాక్స్ న్యూస్ ఛానెల్ 1996 అక్టోబర్‌లో మొదలై కొన్ని ఊళ్ళ కేబుల్‌లోకి వెళ్ళింది, కొన్నిటిలోకి వెళ్ళలేదు. స్టెఫానో డెల్లావిన్యా, ఈథన్ కాప్లాన్ ఆ ఊళ్ళను పోల్చి, 2000 నాటికి ఆ ఛానెల్ వచ్చినచోట రిపబ్లికన్ ఓటు వాటా 0.4 నుంచి 0.7 శాతం పాయింట్లు పెరిగిందని అంచనా వేశారు. ఇంతేనా అనిపిస్తుంది. ఆ ఏడాది అధ్యక్షుడెవరో తేల్చిన ఫ్లోరిడాలో తేడా 537 ఓట్లు.

మరి వార్తను ఎలా చదవమంటారు?

తటస్థమైన ఛానెల్ కోసం వెతకడం మానేయొచ్చు, దొరకదు. దాని బదులు చూడాల్సింది: వాక్యంలో పని చేసినవాడు ఉన్నాడా, మాయమయ్యాడా? ఎవరెవరి మాటలు ఉటంకించారు, ఎవరిని అడగనే లేదు? నిన్నటి పెద్ద వార్త ఈరోజు ఎటు పోయింది? మీకు కోపం తెప్పించిన కథనాన్ని మీ ప్రత్యర్థి పార్టీ పేరు పెట్టి ఇంకోసారి చదవండి. అప్పుడు కోపం రాకపోతే, ఆ కోపం వార్తది కాదు. ఒక్కటి మాత్రం నేను గట్టిగా చెబుతాను: "దీన్ని చూసి జనం ఏమైపోతారో" అనిపించినప్పుడల్లా, ఆ జనంలో మిమ్మల్నీ కలుపుకోండి.

పత్రికలు మూతపడితే మాత్రం ఏమవుతుంది? ఎలాగూ ఎవరూ చదవడం లేదుగా?

అమెరికాలో 1996 నుంచి 2015 వరకు స్థానిక పత్రికలు మూతపడిన కౌంటీలను ముగ్గురు ఆర్థికవేత్తలు పరిశీలించారు. పత్రిక పోయాక, స్థానిక ప్రభుత్వాలు బాండ్ల మీద కట్టాల్సిన వడ్డీ పెరిగింది. అప్పిచ్చేవాళ్ళలో ఆ పత్రిక చదివినవాళ్ళు ఎంతమందో అనుమానమే. ఆ ఊరి లెక్కలను ఇకపై ఎవరూ చూడరని మాత్రం వాళ్ళకు తెలుసు.